నా నోట్లో సగం తాళంచెవి

ఇల్లు, వెనక వరండా

ఏవండీ, మీకు నమస్కారాలు.

నిన్న మీరు ఫోను చేసినప్పుడు నేను "ఊ" అన్నది కోపంతో కాదు. మొన్న అన్నది కూడా కోపంతో కాదు. ఆ గోడ ఫోను ముందు గదిలో ఉంది. నేను చెవికి పెట్టుకోగానే అత్తయ్యగారు టీవీ శబ్దం తగ్గిస్తారు. మామయ్యగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంటారు. ఇద్దరూ నా మొహం వంక చూస్తూ కూర్చుంటారు. అలాంటప్పుడు ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు ఏం మాట్లాడుతుంది చెప్పండి.

ఫోను పెట్టేశాక ఇలా ఉంటుంది.

"ఏమన్నాడే?"

"బాగున్నారట."

"నువ్వేమన్నావు?"

"ఊ అన్నాను."

"ఆ ముక్క కోసం వాడు అంత దూరం నుంచి చేశాడా? ఇటివ్వాల్సింది, నేను మాట్లాడేదాన్నిగా."

"నువ్వు ముందే మాట్లాడావు. మిగిలిందే ఆ పిల్లకిచ్చావు" అంటారు మామయ్యగారు, పేపరు విప్పుతూ.

నాకు వేరే సెల్‌ఫోను కొనిస్తానన్నారు. వద్దండి. అది మోగినా మాట్లాడాల్సింది నేనే కదా. ఉత్తరమైతే రాస్తున్నంతసేపూ ఎవరూ మొహం చూడరు. నా చదువు కొద్దిదే అయినా చెప్పాలనుకున్నది కాగితం మీద కుదురుగా వస్తుంది.

ఇక్కడ అందరూ కులాసా. అత్తయ్యగారు రోజూ సాయంత్రం పాడుతున్నారు. మామయ్యగారు పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని తల ఊపుతూ వింటారు. కింద వాటా టైలరు మాత్రం సరిగ్గా ఆ వేళకే మిషను జోరుగా తొక్కుతాడు. ఆయన మీ ఉద్యోగం ఏమిటని అడిగితే అత్తయ్యగారు "కంప్యూటర్లకు డాక్టరు" అని చెప్పారు. నిజమేనా? నాకు అర్థమయ్యేలా రాయండి.

మీ భార్య


కంపెనీ హాస్టలు, పై అంతస్తు

మూగనోము గారికి,

నీ ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. ఫోనులో ఒక్క అక్షరం దాటని మనిషి కాగితం మీద ఇంత మాటకారి అని తెలిస్తే పెళ్ళిచూపులకు కలం తెచ్చేవాణ్ని.

నేను డాక్టర్ని కాదు. విను. మా దగ్గర ఒక పెద్ద కంప్యూటరు ఉంది. దాని లోపల చాలా కంప్యూటర్లు కాపురం ఉంటాయి. వాటికి ఒళ్ళు ఉండదు, తీగలు ఉండవు, కానీ ప్రతిదీ తానొక అసలు కంప్యూటర్ననే అనుకుంటుంది. వాటిని వర్చువల్ మెషీన్లు అంటాం. ఒక్కోదానికి ఒక్కో డిస్కు. ఆ డిస్కు కూడా నిజానికి ఒక పెద్ద ఫైలే. ఒక మెషీను కళ్ళద్దాల ఫ్యాక్టరీది. ఎవరి కంటికి ఏ నెంబరు అద్దమో అంతా అందులోనే ఉంది.

పెద్ద కంప్యూటరు పాడైతే కాపురాలన్నీ కూలిపోతాయి. అందుకని రోజూ ఆ మెషీన్లను ఒక్క క్షణం ఊపిరి బిగపట్టమని, ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో అలా కాపీ తీసి, దాన్ని ఎవరూ చదవలేని గజిబిజిగా మార్చి, వేరే భవనంలో దాచుతాం. అదే నా పని. ఆ గజిబిజిని మళ్ళీ మామూలుగా చెయ్యాలంటే తాళంచెవి కావాలి. ఇనపది కాదు. ఒక వాక్యం.

ఇక్కడే నీతో పని పడింది. ఒకే మనిషి చేతిలో తాళంచెవి ఉండకూడదని మా పెద్దసారు పద్ధతి. సగం వాక్యం ఆయన దగ్గర. రెండో సగం కంపెనీలో పనిచేయని, ఈ ఊళ్ళో ఉండని మనిషి దగ్గర. ఎవరితోనూ కుమ్మక్కు కాకూడదు కదా. నిన్న అందర్నీ కూర్చోబెట్టి, "ఎవరితోనూ ఏమీ మాట్లాడని మనిషి ఎవరైనా మీ ఎరుకలో ఉన్నారా?" అని అడిగారు.

"మా ఆవిడ ఉంది సార్" అన్నాను.

"ఎంత మాట్లాడదు?"

"నాతో కూడా మాట్లాడదు సార్."

ఆయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

తాళాల మేడం అని ఒకావిడ నీకు ఫోను చేస్తుంది. నీ వాక్యం ఆవిడకు చెప్పు, ఆవిడ మెషీన్లోకి ఎక్కించేస్తుంది. నువ్వు దాన్ని ఎక్కడా రాయకూడదు. ఎవరికీ చెప్పకూడదు, నాకు కూడా. ఈ కాపీల నుంచి మెషీన్లు మళ్ళీ లేస్తాయని రుజువైతే నా ఉద్యోగం ఖాయం చేస్తారు. ఖాయమైతే కుటుంబానికి క్వార్టరు ఇస్తారు. అప్పుడు నువ్వు ఇక్కడికి వచ్చేయొచ్చు. ఈ గదిలో ముగ్గురం ఉన్నాం, ఇద్దరు గురక పెడతారు. త్వరగా రా.

నీ ఆయన


ఇల్లు, వెనక వరండా

ఏవండీ,

నేను మాట్లాడనని ఊరంతా చాటి వచ్చారన్నమాట. సరే, జరిగింది చెబుతాను.

మేడం ఫోను చేసేసరికి అదృష్టం కొద్దీ అత్తయ్యగారు జాకెట్టు కొలతలివ్వడానికి టైలరు దగ్గరికి దిగారు. మామయ్యగారు స్నానంలో ఉన్నారు. మేడం గొంతు బడిలో టీచరు గొంతులా ఉంది. "వాక్యం పొడుగ్గా ఉండాలమ్మా. పేర్లు, పుట్టినరోజులు వద్దు. ఏ పుస్తకంలోనూ ఉండకూడదు. నువ్వు ఎన్నటికీ మర్చిపోకూడదు. నిద్రలో కూడా ఎవరికీ చెప్పనిదై ఉండాలి" అన్నారు.

అలాంటిది నా దగ్గర ఒకటే ఉంది. అదే చెప్పాను. 

"ఇదేనా అమ్మా?"

"ఇదేనండి."

ఆవిడ దగ్గినట్టు వినిపించింది. నవ్వేమో తెలియదు. తర్వాత ఎక్కించేశానన్నారు.

ఈ ఇంట్లో నేను చెప్పిన అతి పొడుగు వాక్యం అదే. చెప్పాక పొయ్యి దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను, పొయ్యి వెలిగించకుండానే. నా నోట్లో ఒక కంపెనీ తాళంచెవి ఉందంటే గర్వంగానూ ఉంది, మింగేస్తానేమోనని భయంగానూ ఉంది.

మీ ఒళ్ళు లేని కంప్యూటర్ల మీద నాకు జాలి వేసింది. ఊపిరి మరీ ఎక్కువసేపు బిగపట్టించకండి.

మీ భార్య


కంపెనీ హాస్టలు

తాళంచెవి గారికి,

కాపీలన్నీ భేషుగ్గా వెళ్తున్నాయి. కానీ పెద్దసారు, "కాపీ తీయడం ఎవడైనా తీస్తాడు. దానిలోంచి మెషీను లేచి నడవాలి, అప్పుడు చూద్దాం" అంటున్నారు. పరీక్ష ఎప్పుడు పెడతారో తెలియదు.

ఇంతకీ ఆ వాక్యం ఏమిటో అడగను. అడగకూడదు. కానీ అది తీయనిదా, కారంగా ఉంటుందా అనైనా చెప్పొచ్చు కదా. తాళాల మేడం నన్ను కారిడార్లో చూసినప్పుడల్లా పెదవులు బిగించుకుని గోడ వైపు తిరుగుతోంది. నా గురించేనా? నేను నిద్రలో ఏమైనా కలవరించానా? నేను తినేటప్పుడు చప్పుడు చేస్తానని అమ్మ అంటుంది, అదా? మూడు రోజులుగా మెల్లగా నములుతున్నాను. నా గదిలో వాళ్ళు నాకు పన్ను నొప్పి అనుకుంటున్నారు.

నీ ఆయన


ఇల్లు, వంటింటి గుమ్మం

ఏవండీ,

మీరు మామూలుగానే నమలండి. అది మీ గురించి కాదు.

ఒక సంగతి అడగాలి. ఆ వాక్యం మార్చుకోవచ్చా? ఒకవేళ మేడం మళ్ళీ అడిగితే మెల్లగా చెప్పినా సరిపోతుందా? ఊరికే అడుగుతున్నాను.

అత్తయ్యగారు మెట్ల మీద కాలు మడతపడి బెణికించుకున్నారు. ఎముక బాగానే ఉంది, కంగారు పడకండి. డాక్టరు కదలొద్దన్నారు. ఆవిడ లోపలి గదిలో పడుకుంటే ఏమీ వినబడదని మంచం ముందు గదిలో వేయించుకున్నారు. సరిగ్గా ఫోను కింద. అది మోగితే చెయ్యి చాస్తే చాలు, అందుతుంది.

మంచం మీదున్నా నన్ను కనిపెట్టే ఉంటున్నారు. నిన్న నాకు కాస్త జలుబు చేస్తే తన శాలువా తీసి నామీద కప్పి, "నీకు బాగాలేదని నువ్వు చెప్పవు, నేనే కనుక్కోవాలి" అన్నారు. మామయ్యగారు నాకు కాఫీ కలిపి ఇచ్చారు. ఇద్దరూ ఎంత మంచివాళ్ళో. అందుకే అడుగుతున్నాను, మార్చుకోవచ్చా అని.

మీ భార్య


కంపెనీ గేటు, సెక్యూరిటీ బల్ల మీద

ఇది మా కంపెనీ వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు రాసి ఆయన చేతికే ఇవ్వు. ఆయన ఎదురుచూస్తాడు.

ఏసీలోంచి నీళ్ళు కారి పెద్ద కంప్యూటరు తడిసిపోయింది. లోపలి కాపురాలన్నీ పోయాయి. కళ్ళద్దాల ఫ్యాక్టరీలో అద్దాలు తయారుగా ఉన్నాయి గానీ ఏది ఎవరి కంటికో ఎవరికీ తెలియదు. వాళ్ళ మేనేజరు వచ్చి మా గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇప్పుడు కాపీలే దిక్కు. పెద్దసారు తన సగం ఎక్కించేశారు. నీ సగం కావాలి.

పొద్దున్న మేడం ఫోను చేస్తే నువ్వు "ఊ" అని పెట్టేశావట. నేను చేసినా అంతే. వాక్యం మర్చిపోయావా? మార్చడం కుదరదు. దాన్ని మార్చాలన్నా ముందు అదే చెప్పాలి.


ఇల్లు, మెట్ల మీద

ఏవండీ,

మర్చిపోలేదు. మర్చిపోతే బాగుండేది.

అది అత్తయ్యగారి గురించి. ఇంకొకరి గురించి కూడా. ఆ ఇంకొకరి గుట్టు నేను అనుకోకుండా చూశాను. ఎవరికీ చెప్పవద్దని ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు, నేను తల ఊపాను. నిద్రలో కూడా చెప్పనిది ఏమిటని మేడం అడిగితే నాకు అదే తోచింది. ఫోనులో మళ్ళీ చెప్పాల్సి వస్తుందని, అప్పుడు అత్తయ్యగారు ఫోను కిందే ఉంటారని నాకేం తెలుసు?

పొద్దున్న నేను ఫోను ఎత్తేసరికి ఆవిడ మోచేతి మీద లేచి నా మొహంలోకి చూస్తున్నారు. "ఊ" అని పెట్టేశాను.

కాగితం మీద రాసి పంపనా అంటే రాయకూడదన్నారు. డ్రైవరు చెవిలో చెప్పనా? ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, రెండో కప్పు టీ తాగుతున్నాడు.


కంపెనీ గేటు

డ్రైవరు చెవిలో వద్దు. నువ్వు ఆ ఫోను నుంచే, నీ గొంతుతోనే చెప్పాలి. ఆ గొంతు నీదేనని మేడం పోల్చుకోవాలి. అదీ పద్ధతి.

ఒక ఉపాయం. నాన్నను మిక్సీ వేయమను. ఆ మోతలో చెప్పెయ్.

ఎవరి గుట్టో నేను అడగను. నీకంత కష్టమైతే చెప్పొద్దని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. ఉద్యోగం ఒక్కటే అయితే రాసేవాణ్ని. ఆ మేనేజరు జేబులోంచి ఒక చిన్న కళ్ళజోడు తీసి చూపించాడు. ఎవరో చిన్న పాపదట. ఏ పాపదో తెలియదు.

రేపు మధ్యాహ్నం మేడం మళ్ళీ ఫోను చేస్తుంది. చెప్తావో లేదో నీ ఇష్టం.


ఇల్లు, వెనక వరండా

ఏవండీ,

ఈపాటికి మీకు సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం రాస్తున్నాను.

మిక్సీ వేయమంటే మామయ్యగారు ఎందుకని అడగలేదు. మీతో గుట్టుగా మాట్లాడుకుంటాననుకున్నట్టున్నారు. కన్ను గీటి, జారులో పంచదార పోసి తిప్పడం మొదలుపెట్టారు. ఫోను మోగింది. నేను తీశాను.

"వెనక ఏమిటమ్మా ఆ మోత? ఏమీ వినబడటం లేదు" అన్నారు మేడం.

ఆవిడ అరుపు ఫోను కిందున్న మంచం దాకా వినిపించింది. అత్తయ్యగారు వంటింట్లోకి కేకేశారు. "ఏవండీ, అది ఆపండి. కోడలు ఫోనులో మాట్లాడుతోంది. మాట్లాడుతోందండీ."

ఆ వింత చూడటానికి మామయ్యగారు మిక్సీ ఆపి, జారు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చారు.

"ఒక్కొక్క మాటే చెప్పమ్మా, నిదానంగా" అన్నారు మేడం.

"అత్తయ్యగారు" అన్నాను.

"ఏమిటే?" అన్నారు మంచం మీంచి.

"మిమ్మల్ని కాదండి, కంపెనీ వాళ్ళకు చెబుతున్నాను."

"నా గురించా? చెప్పు, చెప్పు." దిండు వెనక్కి జరుపుకుని లేచి కూర్చున్నారు.

"పాడుతుంటే" అన్నాను.

అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. "విన్నారా? నా పాట కంపెనీ దాకా వెళ్ళింది" అన్నారు మామయ్యగారితో.

"మామయ్యగారు" అన్నాను.

ఆయన కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి సగంలో ఆగిపోయారు. నేను నేల చూశాను.

"తర్వాతమ్మా?"

 ఆ పాప కళ్ళజోడు గుర్తొచ్చింది. పాప సంగతి ఒకటే కాదు, అబద్ధం ఎందుకు, మీ హాస్టలు గది కూడా గుర్తొచ్చింది.

"చెవుల్లో" అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా. చేతుల్లోనా?"

"చెవుల్లో" అని అరిచాను. కింద టైలరు మిషను ఆగిపోయింది. ఇక ఆగితే చెప్పలేనని మిగతాదంతా ఒక్క బిగిన చెప్పేశాను. "దూది పెట్టుకుని తల ఊపుతారు."

"చివర చుక్క ఉందా?"

"ఉందండి."

అటువైపు టకటక చప్పుడు. తర్వాత "పట్టిందమ్మా" అన్నారు మేడం. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక్కడ మాత్రం ఎవరూ కొట్టలేదు.

"ఏవండీ" అన్నారు అత్తయ్యగారు.

"కాఫీ పెట్టనా? పంచదార మెత్తగా అయింది" అన్నారు మామయ్యగారు.

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ కాదు. పెద్ద పాటలప్పుడే."

"దీనికెలా తెలుసు?"

"ఒకసారి ఊడి కింద పడింది. అమ్మాయే ఏరి ఇచ్చింది."

అత్తయ్యగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సాయంత్రం పాటల వేళ అయింది, పాట లేదు. టైలరు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, పెద్దమ్మగారికి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళాడు.

వరండాలో మామయ్యగారితో, మాట తప్పాను, క్షమించండి అన్నాను. "ఇన్నేళ్ళూ నేను చెప్పలేనిది నువ్వు కంపెనీ ఖర్చుతో చెప్పేశావు" అన్నారు. నవ్వబోయారు గానీ రాలేదు. ఇద్దరూ నిన్నటి నుంచి సరిగ్గా తినడం లేదు.

మీ మెషీన్లు లేచాయా? ఈ ఇల్లు మాత్రం పడుకుంది.

మీ భార్య


కంపెనీ హాస్టలు

ఘంటారావం గారికి,

లేచాయి. ఒక్కొక్కటే కళ్ళు తెరిచింది. నీళ్ళు పడటానికి ముందు చివరిసారి ఊపిరి బిగపట్టిన క్షణంలో ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే, ఏమీ జరగనట్టు పని మొదలుపెట్టాయి. కళ్ళద్దాల మేనేజరు కుర్చీ మడిచి ఇంటికెళ్ళాడు. పాప దొరికింది. నా ఉద్యోగం ఖాయమైంది. క్వార్టరు తాళాలు, ఇనపవి, నా జేబులో ఉన్నాయి. రెండు గదులు, వంటిల్లు. కిటికీలోంచి కంపెనీ వెనక గోడ తప్ప ఏమీ కనబడదు, కానీ గోడ వెల్ల వేసి శుభ్రంగా ఉంది.

నాన్న దూది సంగతి నాకు కూడా తెలియదు సుమా. చిన్నప్పుడు పాట మొదలవగానే పారిపోవాలనిపించేది. నాన్న అంత శ్రద్ధగా వింటుంటే నేను లేవడం ఏం బాగుంటుందని కూర్చునేవాణ్ని. ఉత్త చెవులతో.

నువ్వు అరిచింది మేడం గదిలో ఉన్న అందరికీ వినబడింది. అందుకని ఆ వాక్యం తీసేశారు, కొత్తది పెట్టాలి. పైగా నువ్వు ఇక్కడికి వస్తే, ఈ ఊళ్ళో ఉండే మనిషివి అవుతావు కాబట్టి నీ దగ్గర తాళంచెవి ఉండకూడదు. పెద్దసారు నన్ను పిలిచారు.

"ఆ దూది పెట్టుకున్న పెద్దమనిషి ఎవరు?"

"మా నాన్న సార్."

"ఎన్నాళ్ళు దాచాడు?"

"నేను పుట్టకముందు నుంచే అయ్యుండొచ్చు సార్."

"ఒకే ఇంట్లో, ఒకే భార్య దగ్గర?"

"అవును సార్."

"ఇక వేరే మనిషిని వెతక్కండి" అన్నారు.

అమ్మ ఎలా ఉంది? ఫోను చేస్తే "ఊ" అని పెట్టేస్తోంది. ఎవరి దగ్గర నేర్చుకుందో తెలియదు.

నీ ఆయన


ఇల్లు, ముందు గది

ఏవండీ,

ఈ ఉత్తరం ముందు గదిలోనే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు, కానీ నన్ను చూసే తీరిక లేదు.

మొన్న సాయంత్రం మామయ్యగారు దూది పొట్లం తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టి, "ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంది. పాడు" అన్నారు.

"దూదికి వినిపించుకోండి."

"దూది నీ దగ్గరే ఉందిగా."

ఆవిడ పొట్లం దిండు కింద పెట్టి పాడారు. పెద్ద పాటే ఎంచుకున్నారు, కావాలనే. మామయ్యగారు ఉత్త చెవులతో, తల ఊపకుండా, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని విన్నారు. పాట అయ్యాక "ఎలా ఉంది?" అన్నారు ఆవిడ. "మధ్యలో గొంతు జారింది" అన్నారు ఆయన. జారలేదని ఆవిడ, జారిందని ఈయన. అలా మొదలైంది, ఇంకా తేలలేదు. రోజూ పాట కాసేపు, దెబ్బలాట చాలాసేపు. ఇద్దరూ మళ్ళీ కడుపునిండా తింటున్నారు.

మేడం కొత్త వాక్యానికి ఫోను చేసినప్పుడు మామయ్యగారు మమ్మల్నిద్దర్నీ మెట్ల మీదికి పంపి తలుపేసుకున్నారు. అత్తయ్యగారు బెణికిన కాలు ఎత్తిపట్టుకుని తలుపుకు చెవి ఆనించారు. ఏమీ వినబడలేదు. ఏం చెప్పారని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. ఆయన పేపరు తిరగేస్తున్నారు.

నేను ప్రయాణానికి బట్టలు సర్దుకుంటుంటే అత్తయ్యగారు చెయ్యి పట్టుకున్నారు. ఇంకో నెల ఉండమంటున్నారు. గొంతు జారలేదని తన తరఫున గట్టిగా చెప్పడానికి ఒక మనిషి కావాలట. ఈ ఇంట్లో అలా మొహమాటం లేకుండా మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నేనట.

శుక్రవారం పగటి బస్సుకు వస్తున్నాను. ఆవిడ మీకు ఫోను చేసి, నన్ను ఆపమని అడుగుతారు. మీరు నా తరఫున ఏమీ చెప్పకండి. ఆ సంగతి ఆవిడతో నేనే మాట్లాడుకుంటాను.

మీ భార్య